ఒక్క గడి

జూన్ 4
సొరంగం క్యాంపు

ఆకాశం మామయ్యకు,

పాతాళం నుంచి నీ మేనకోడలు రాసేది. నువ్వు నూట ఇరవై అడుగుల ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని ఓడల్లోంచి పెట్టెలు దించుతుంటావు, నేను కొండ కడుపులో దూరి గోడలు కొలుస్తుంటాను. మన ఇంట్లో నేల మీద ఉద్యోగం చేసేవాళ్ళే లేరా అని అమ్మ వాపోతోంది.

ఇక్కడ ఫోను పలకదు. సరుకుల లారీ వారానికి రెండుసార్లు వస్తుంది, వెళ్ళేటప్పుడు ఉత్తరాలు పట్టుకెళుతుంది. అయినా ఫోను పలికితే మాత్రం మనం ఎత్తులు ఫోనులో చెప్పుకుంటామా? చదరంగం ఉత్తరాల్లోనే ఆడాలనీ, కాగితం మీద పెట్టిన ఎత్తు వెనక్కి తీసుకోకూడదనీ రూలు పెట్టింది నువ్వే. నాకు పదకొండేళ్ళప్పుడు మంత్రిని ఊరికే పోగొట్టుకుని వెక్కి వెక్కి ఏడిస్తే, "ఏడువు, కానీ ఎత్తు మాత్రం ఇవ్వను" అన్నావు. అది నేనింకా మర్చిపోలేదు.

పని బాగానే ఉంది. కొండను రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వస్తున్నారు. రెండు దారులూ మధ్యలో కలవాలి. కలవకపోతే తప్పు మాదే, అంటే సర్వే వాళ్ళది. అందుకే మా పెద్ద సర్వేయరమ్మ, ముందుకు కొలిచిన ప్రతి దూరాన్నీ వెనక్కి కూడా కొలిపిస్తుంది. మొదట్లో విసుగొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది. మొన్న చపాతీలు కూడా రెండు వైపుల నుంచీ లెక్కపెట్టాను.

ఇక నా ఎత్తు. నీ రాజు కోటలో దాక్కున్నాడుగా? వాడి ఎదురుగా, నా కుడి మూల ఏనుగు ముందున్న బంటును రెండు గళ్ళు ముందుకు తోశాను. రెండు గళ్ళు. నా అక్షరాలు కోడి గీతలంటావు కాబట్టి రెండుసార్లు రాశాను.

అత్తయ్యను అడిగానని చెప్పు.

నీ గడుగ్గాయి


జూన్ 12
రేవు

గడుగ్గాయికి ఆశీస్సులు.

నీ అక్షరాలు ఈసారి కోడి గీతలు కావు, పిచ్చుక గీతలు. అభివృద్ధి ఉంది. రెండు గళ్ళనే చదివాను, బంటును తీసి పెట్టాను. ఎందుకు తోశావో మాత్రం బుర్రకెక్కలేదు. మూల బంటుతో యుద్ధం మొదలుపెట్టేవాళ్ళను నా జన్మలో ఇద్దర్నే చూశాను. ఒకడు ఏమీ తెలియనివాడు. రెండోవాడి సంగతి చెబుతాను, విను.

నాకు ఇరవై ఏళ్ళప్పుడు మా వీధి రీడింగ్ రూములో ఒక చెప్పుల మరమ్మతు పెద్దాయన ఆడేవాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఒకరోజు ఆయన మూల బంటుతో మొదలుపెట్టి, తన ఏనుగును తీసుకెళ్ళి ఎదుటివాడి బంటు నోట్లో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళం ముక్కున వేలేసుకున్నాం. తర్వాత గుర్రాన్ని ఇచ్చాడు. తర్వాత మంత్రిని కూడా ఇచ్చాడు! ముసలాయనకు మతి పోయిందనుకున్నాం. చివరికి ఆయన దగ్గర మిగిలింది ఒక గుర్రం, రెండు బంట్లు. వాటితో ఆట కట్టించి, లేచి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి అన్నం కలుపుకుని తినడం మర్చిపోయాను. ఆ రోజు తెలిసింది నాకు, బలి ఇచ్చేవాడు పోగొట్టుకోవడం లేదనీ, ఇచ్చినచోట తలుపు తెరుస్తున్నాడనీ. నీకు నేర్పిందంతా ఆయన ఎంగిలే.

మన చదరంగం పలకకు చెమ్మ పట్టినట్టుంది. గళ్ళ గీతలు మధ్యలో కాస్త వంగి కనిపిస్తున్నాయి. అత్తయ్యను పిలిచి చూపిస్తే "తిన్నగానే ఉన్నాయిగా" అంది. ఆవిడకు చదరంగమంటే ఒళ్ళుమంట, ఆవిడ సాక్ష్యం చెల్లదు. కొత్త కళ్ళజోడుకు డబ్బు తగలేసినట్టే ఉంది, పాతదే నయం.

మా సైగలాయన నిన్ను అడిగాడు. పధ్నాలుగేళ్ళుగా నా క్రేన్ కింద నిలబడి, నారింజ రంగు చేతిజోళ్ళు వేసుకుని, చేతులతోనే నాతో మాట్లాడే మనిషి. అరచెయ్యి కిందికి ఊపితే దించు. ముందుకు ఊపితే ముందుకు పోనీ. గుప్పిట మూస్తే ఆపు. అంత ఎత్తు నుంచి నాకు లారీ బొమ్మలా కనిపిస్తుంది, ఆయన చేతులే నాకు కళ్ళు. నేలమీద కలిస్తే మాత్రం మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు, టీ తాగి వచ్చేస్తాం.

నా ఎత్తు: మంత్రి వైపున ఒక బంటును ఒక గడి జరిపాను. తొందరేం లేదు. నువ్వు రా, చూద్దాం.

ఆశీస్సులతో
మామయ్య


జూన్ 20
సొరంగం

మామయ్యా,

కూర్చుని రాస్తున్నానే గానీ కాళ్ళు నేల మీద లేవు.

నిన్న లోపల రాయి పేల్చాక దుమ్ము దిగేదాకా సొరంగం బయట నిలబడ్డాం. నలభై నిమిషాలు ఊరికే నిలబడాలి. నేను మనసులో మన పలక పరుచుకున్నాను. నీ ఎత్తు పెట్టాను. పెట్టగానే మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి మామయ్యా. ఎప్పుడూ నేను ఒక బలం గురించి ఆలోచిస్తాను, తర్వాత ఇంకో బలం. నిన్న అన్నీ ఒక్కసారే కదిలాయి. నేను కదపలేదు, అవే కదిలాయి. పక్కనున్న డ్రిల్లర్ "ఏంటమ్మా, ఏడుస్తున్నావా?" అన్నాడు. దుమ్మని చెప్పాను.

ఇదుగో ఎత్తు: నా శకటు పరిగెత్తుకెళ్ళి, నీ రాజు ముందున్న మూల బంటును కొట్టింది. చెక్. నా శకటును నీ రాజు తినేయొచ్చు. తిను. నేనే పెడుతున్నాను.

ఇది సరైనదో కాదో మూడుసార్లు ముందుకూ మూడుసార్లు వెనక్కీ చూశాను. నీ దగ్గర నేర్చుకుని పదహారేళ్ళయింది, ఒక్కసారి కూడా నీ మీద నిజంగా దాడి చెయ్యలేదు. ఎప్పుడూ గోడ కట్టుకుని కూర్చునేదాన్ని. నువ్వు వచ్చి ఆ గోడ బద్దలు కొట్టేవాడివి. ఈసారి నేను వస్తున్నాను.

చెప్పుల పెద్దాయనకు నా నమస్కారాలు, ఎక్కడున్నాడో గానీ.

నీ గడుగ్గాయి


జూన్ 29
రేవు

గడుగ్గాయికి,

ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. వెంటనే రాయలేకపోయాను.

మంగళవారం ఇరవై నాలుగున నా చేతిలో ఒక పెట్టె తప్పు చోట దిగింది. లారీ నడుం మీద దిగాల్సింది, ముందే దిగి అంచు మీద పడింది. లారీ ఒక పక్కకు నలిగిపోయింది. డ్రైవరు దిగి టీ కోసం వెళ్ళాడు కాబట్టి బతికాడు. సైగలాయన పక్కకు దూకాడు, మడమ బెణికింది. ఇరవై రెండేళ్ళలో నా పేరు మీద గీటు పడలేదు.

విచారణ జరిగింది. సైగలాయన "ఇంకా ముందుకు పోనీ" అన్నానంటాడు. నేను చూసింది "దించు" అని. ఆయన చెయ్యి కిందికి ఊగడం నా రెండు కళ్ళతో చూశాను. అదే చెప్పాను. చూసింది చెప్పకుండా ఎలా ఉంటాను? ఆఫీసరు నా మాటే రాసుకున్నాడు. ఆయన్ను సైగల పని నుంచి తీసేసి తాళ్ళ గోదాములో వేశారు. జిడ్డు పట్టిన ఇనుప తాళ్ళు కడగడం పని. పధ్నాలుగేళ్ళ మనిషి. నిన్న గేటు దగ్గర ఎదురుపడితే మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడికి అంత పౌరుషమేమిటో నాకు అర్థం కాలేదు. కొత్తగా వచ్చిన కుర్ర సైగలతను మరీ మెల్లగా చేతులు ఊపుతాడు, ఏమంటున్నాడో సరిగ్గా తెలియదు.

నీ శకటును నా రాజు తినేశాడు. ధైర్యానికి మెచ్చుకున్నాను గానీ, ఇది బలి కాదమ్మా, ఎర లేని గాలం. నాకైతే ఏ తలుపూ తెరుచుకున్నట్టు కనిపించలేదు.

మామయ్య


జూలై 7
సొరంగం

మామయ్యా,

నీ ఉత్తరం చదివాను. ముందు, నీకేమీ కాలేదు కదా? డ్రైవరు బతికాడు, సైగలాయన నడుస్తున్నాడు. మిగిలింది ఇనుము. ఇనుము నలిగితే నలిగింది.

నేను అక్కడ ఉంటే నీ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా టీ తాగేదాన్ని. అక్కడ లేను కాబట్టి, నీ మనసు కాస్త మళ్ళడానికి ఒక గుర్రాన్ని పంపుతున్నాను. నీ రాజు ఎదుట, నీ శకటు నోటికి అందేచోట దూకింది. చెక్. ఇదీ నీకే. తిను. తిన్నాక మాత్రం పలక ముందు కాసేపు కూర్చో. కూర్చుంటే చాలు.

సైగలాయన సంగతి బాధగా ఉంది. ఆయనకు ఒకసారి నా తరఫున చెయ్యి ఊపు.

నీ గడుగ్గాయి


జూలై 15
రేవు

మేనకోడలికి,

నేను చెప్పేది తిన్నగా చెబుతాను, తప్పుగా అనుకోకు.

నాకు జాలి అక్కర్లేదు. మొన్న ఒక శకటు, ఇప్పుడు ఒక గుర్రం. "నీకే, తిను" అంటూ పళ్ళెంలో పెట్టి పంపుతున్నావు. మామయ్య పాపం దెబ్బ తిన్నాడు, ఆటలోనైనా గెలిపిద్దామనుకున్నావు. నీకు పదకొండేళ్ళప్పుడు నువ్వు ఏడుస్తుంటే కూడా నేను ఆట వదల్లేదే? అది నిన్ను మనిషిగా చూడడం. ఇది నన్ను ముసలాణ్ణి చేయడం.

నేను పొరబడ్డానేమోనని పలక ముందు గంటసేపు కూర్చున్నాను. నువ్వు కూర్చోమన్నావుగా. నీ రెండో శకటు ఎప్పుడో పోయింది. నీ మంత్రి ఇంటి దగ్గరే ఉంది. నీ కుడి ఏనుగు మూలలోనే ఉంది, దాని ముందు బంటు ఒక్క అడుగు దూరంలో నిలబడి దారి మూసేసింది. ఆ గుర్రాన్ని నేను తింటే తిరిగి కొట్టడానికి నీ దగ్గర పురుగు కూడా లేదు. చిన్నపిల్లలు కూడా ఇలా ఆడరు. నువ్వు చిన్నపిల్లవు కావు కాబట్టి, కావాలనే చేశావు.

గుర్రాన్ని నా శకటు తినేసింది. నా రూలు నేనే మీరుతున్నాను: కావాలంటే రెండు ఎత్తులూ వెనక్కి తీసుకో. శకటు నుంచి మళ్ళీ మొదలుపెడదాం. అది ఇష్టం లేకపోతే ఆట ఇక్కడితో ఆపేద్దాం. దానం పట్టే ఆట నాకు చేతకాదు.

మామయ్య


జూలై 23
సొరంగం

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నాలుగు పేజీలు రాసి చించేశాను. పదహారేళ్ళకు మొదటిసారి నీ మీదికి దండెత్తి వస్తే, నువ్వు దాన్ని దానం అంటావా? ఈ మాట నా గొంతులో ఇంకా ఉంది, కానీ అది కాదు నేను రాయాల్సింది.

కోపం తగ్గాక, మా సర్వేయరమ్మ నేర్పిన పని చేశాను. నీ ఉత్తరంలోని పలకను, నీ వైపు నుంచి వెనక్కి కొలిచాను. నువ్వు చెప్పినవన్నీ ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాను. అన్నీ సరిపోయాయి, ఒకటి తప్ప. నా మూల బంటు ఏనుగుకు ఒక్క అడుగు దూరంలో లేదు మామయ్యా. రెండు అడుగుల దూరంలో ఉంది. నా జూన్ నాలుగో తేదీ ఉత్తరం తియ్యి. రెండుసార్లు రాశాను. నువ్వు కూడా "రెండు గళ్ళనే చదివాను" అని జవాబు రాశావు. చదవడం సరిగ్గానే చదివావు. చెయ్యి ఒక గడి ముందే ఆగింది.

ఇక అడగాలనుకున్నది అడుగుతాను. ఈ సర్వే పనిలోకి తీసుకునే ముందు కళ్ళ డాక్టరు మాకు ఒక గళ్ళ కాగితం చూపించాడు. ఒక్కో కన్నూ మూసి, మధ్యలో చుక్కను చూస్తూ చుట్టూ గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చెప్పమన్నాడు. నా ముందు నిలబడిన అతను "మధ్యలో వంగాయి" అన్నాడు. అతన్ని పనిలోకి తీసుకోలేదు. కంటి నడిమి భాగం పాడవుతుంటే అలా కనిపిస్తుందట. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మనిషికి తెలియదట, ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుందట. నువ్వు జూన్‌లోనే రాశావు, పలక గీతలు వంగాయని. నేను నవ్వుకుని వదిలేశాను.

నీ దగ్గరున్నది కూడా గళ్ళ కాగితం లాంటిదే. ఒక కన్ను అరచేత్తో మూసి మన పలకను చూడు. తర్వాత రెండోది.

మామయ్యా, ఆ రోజు పెట్టె కూడా ఒక గడి ముందే దిగిందేమో. సైగలాయన చెయ్యి ముందుకే ఊగిందేమో. నాకు తెలియదు. తెలియకుండానే అడుగుతున్నాను. ఇది అడిగితే నువ్వు నాకు మళ్ళీ ఉత్తరం రాయకపోవచ్చని తెలుసు. నాకు నాన్న లేని లోటు తెలియకుండా పెంచినవాడివి. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే ప్రతి పూటా నీ తాడు కింద మనుషులు నడుస్తున్నారు.

ఎత్తు వెనక్కి తీసుకోను. నా మూల బంటు, గుర్రాన్ని తిన్న నీ శకటును కొట్టింది. బంటు పక్కకు తప్పుకోగానే నా ఏనుగుకు దారి తెరుచుకుంది. చెక్.

నీ మేనకోడలు


ఆగస్టు 6
సొరంగం

మామయ్యా,

నాలుగు లారీలు వచ్చాయి, నీ ఉత్తరం లేదు. ఉత్తరాల సంచి విప్పినప్పుడల్లా వెళ్ళి నిలబడుతున్నాను. నా మీద కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. తిట్టు. ఎంత తిట్టాలంటే అంత తిట్టు, కానీ రాసి తిట్టు. నేను అడిగింది తప్పయితే నీ కాళ్ళ మీద పడతాను. ఆట నువ్వే గెలిచినట్టు రాసుకో, నాకేమీ అక్కర్లేదు. ఆ పలక మీద ఒక కన్ను మూసి చూడు, అంతే చాలు.

నీ గడుగ్గాయి


ఆగస్టు 8
రేవు

గడుగ్గాయికి,

ఈపాటికి ఇంకో ఉత్తరం రాసి ఉంటావు, అది ఇంకా నాకు అందలేదు. నా అంచనా తప్పదు, ఏడుస్తూ రాసి ఉంటావు. ఇది ముందు చదువు. నేను పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ఎందుకో నీకు తెలుసు.

నీ ఉత్తరం చదవగానే అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు. అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. తర్వాత సిగ్గుపడే పని ఒకటి చేశాను. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని నాలుగు రోజులు పనికి వెళ్ళాను. నాలుగు రోజులు పెట్టెలు ఎత్తాను, దించాను. కన్ను మూసి చూడలేదు. చూస్తే తెలిసిపోతుందిగా. ఈ మాట నీకు చెప్పకుండా దాచొచ్చు, కానీ నువ్వు వెనక్కి కొలుస్తావు.

ఐదో రోజు పొద్దున అత్తయ్యను పిలిచాను. నీ జూన్ ఉత్తరం ఆవిడ చేతికిచ్చి, "ఈ బంటు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉంది?" అన్నాను. చదరంగమంటే ఒళ్ళుమంట అన్నానే, ఆవిడ వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. "నాలుగో వరసలో ఉండాలి. మూడో వరసలో ఉంది" అంది. అప్పుడు అరచేత్తో ఎడమ కన్ను మూశాను. పలక మధ్యలో నీళ్ళు పోసినట్టు గీతలన్నీ కరిగి వంగిపోయాయి. నీ గుర్రం చచ్చినచోట ఒక బూడిద మచ్చ. ఎడమ కన్నుతో కొంచెం నయం, అంతే.

అక్కడే కూర్చుండిపోయాను. ఏం చెయ్యాలో తోచక, నీ బంటును ఒక గడి ముందుకు జరిపాను.

అమ్మాయీ! ఒక్క బంటు, ఒక్క గడి, అంతే జరిపింది నేను. పలకంతా లేచి నిలబడింది. నీ శకటు చచ్చింది ఎందుకో తెలిసింది. గుర్రం అక్కడే ఎందుకు దూకిందో తెలిసింది. నా శకటు గుర్రాన్ని తినాలి, బంటు నా శకటును తినాలి, బంటు తప్పుకున్న దారిలో ఏనుగు గర్జించాలి, ఇంటి దగ్గర నిద్రపోతున్నట్టున్న మంత్రి ఒక్క అంగలో వచ్చి పక్కన నిలబడాలి. నా రాజు చుట్టూ నా బలాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, ఒక్కటీ కదిలి సాయానికి రాలేదు. నా దగ్గర నీకంటే బలాలు ఎక్కువే ఉన్నాయి. అవి ఎందుకూ పనికిరావు! చెప్పుల పెద్దాయన ఆటను చూసినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మళ్ళీ జన్మలో అలాంటిది చూడననుకున్నాను. చూశాను. నేను నేర్పిన పిల్ల, నా మీదే ఆడింది. నా కళ్ళ సంగతి, నా ఉద్యోగం సంగతి రెండు నిమిషాలు పూర్తిగా మర్చిపోయాను. అత్తయ్య "ఏమైందండీ, ఎందుకు నవ్వుతున్నారు?" అంది. నిజంగా నవ్వుతున్నానట.

దాన్ని పట్టుకుని నేను దానం అన్నాను. క్షమించు.

ఆ తర్వాత పనికి వెళ్ళాను. ఆఫీసుకు వెళ్ళి చెబుదామనే బయల్దేరాను, కాళ్ళు అలవాటుకొద్దీ నిచ్చెన వైపు తీసుకెళ్ళాయి. ఎక్కేశాను. గదిలో కూర్చున్నాను. ఓడ వచ్చి ఉంది, లారీ కింద ఉంది, కుర్ర సైగలతను చెయ్యి ఊపుతున్నాడు. ముందుకంటున్నాడా, దించమంటున్నాడా? మధ్యలో మచ్చ, చుట్టూ నారింజ రంగు. ఇన్నాళ్ళూ నేను ఊహించుకుని దించుతున్నానన్నమాట! ఇరవై రెండేళ్ళ అలవాటు కాబట్టి ఊహ చాలాసార్లు సరిపోయింది. ఒకసారి సరిపోలేదు. ఆ ఒక్కసారికి శిక్ష ఇంకొకరికి పడింది.

ఆ గది వదలడమంటే ఏమిటో నీకు తెలుసు. నేలమీద నేను ఎవర్ని? పైన అయితే ఓడలు నా కోసం ఆగుతాయి. ఒక్క పెట్టె, ఈ ఒక్కటీ దించి వెళదామని చెయ్యి లీవరు మీదికి పోయింది కూడా. నీ శకటు గుర్తొచ్చింది. "తిను, నేనే పెడుతున్నాను" అన్నావే, ఆ మాట. లీవరు వదిలేశాను.

గదిలో మైకు ఉంటుంది, రేవంతా వినిపిస్తుంది. నొక్కాను. "నేను పెట్టె ఎత్తడం లేదు. నా కళ్ళు పాడయ్యాయి. జూన్ ఇరవై నాలుగున లారీ మీద పెట్టె పడింది నా తప్పు వల్ల. సైగలాయన ముందుకు అనే అన్నాడు. నాకు కనిపించక, దించమన్నాడని చెప్పాను. ఇది అందరూ రాసుకోండి" అన్నాను. రేవులో అన్ని క్రేన్లూ ఆగిపోయాయి.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కంట్లో సూదులు వేస్తారట, ఉన్న చూపు నిలబడొచ్చు, పోయింది రాదు. క్రేన్ మాత్రం ఇక లేదు. సైగలాయన పని ఆయనకు ఆ పూటే తిరిగి ఇచ్చేశారు. నాకేం చేస్తారో ఇంకా చెప్పలేదు, చెప్పినప్పుడు వింటాను.

నా రాజును ఒక గడి వెనక్కి, ఇంట్లోకి పంపాను. నీ మంత్రి వస్తుందని తెలుసు. ఆటకట్టు దాకా ఆడతాను, ఒక్క ఎత్తు కూడా తగ్గించకు. ప్రతి ఎత్తూ అత్తయ్య వేలు పెట్టి లెక్కపెట్టి మరీ పెడుతుంది.

ఇంకొక్కటి రాయాలి, చేతులు నొప్పెడుతున్నాయి గానీ ఇది రాయకుండా ఉండలేను. మైకు కట్టేశాక దిగాలి. తొంభై ఆరు మెట్ల నిచ్చెన. రోజూ కళ్ళు మూసుకుని దిగేవాణ్ణి, ఆ రోజు మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆగిపోయాను. కిందికి చూస్తే మెట్లు పాముల్లా వంగి కదులుతున్నాయి. పైకి వెళ్ళలేను, కిందికి రాలేను. ఆ కమ్మీని పట్టుకుని వేలాడుతూ ఉన్నాను. అప్పుడు కింద నుంచి ఒక కేక వినిపించింది, "ఇటు చూడవయ్యా!" అని.

తాళ్ళ గోదాము నుంచి కుంటుకుంటూ వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. చేతులకు జోళ్ళు లేవు, మోచేతుల దాకా నల్లటి జిడ్డు. నాకు మొహం కనిపించలేదు, వేళ్ళు కనిపించలేదు. చేతులు రెండూ బారుగా చాపాడు, ఎంత బారుగా అంటే గుడ్డివాడికి కూడా తెలిసేలా. అరచేతులు కిందికి ఊపాడు. దించు. నేను ఒక మెట్టు దిగాను. మళ్ళీ ఊపాడు, మెల్లగా. ఇంకో మెట్టు. పధ్నాలుగేళ్ళు ఆయన చేతుల ప్రకారం పెట్టెల్ని దించాను, ఆ రోజు నన్ను నేను దించుకున్నాను. ఎక్కడా తొందరపెట్టలేదు, ఒక్కసారి కూడా చెయ్యి దించలేదు. ఆఖరి మెట్టు దాటి నా కాలు నేలకు తగిలాక, ఆయన గుప్పిట మూశాడు. ఆగాను.

మీ మామయ్య